కార్లోమాన్ బతికి ఉంటే అని కాకుండా, అతని పసివాడికి పట్టం కట్టి ఉంటే ఏమయ్యేదని అడగండి

ప్రశ్న ఇది: 771 డిసెంబర్‌లో ఫ్రాంకుల రాజు కార్లోమాన్ ఇరవై ఏళ్లకే చనిపోకుండా ఇంకో ముప్పై ఏళ్లు బతికి ఉంటే, అతని అన్న చార్లెస్ మనకు తెలిసిన షార్లమేన్ అయ్యేవాడా? ఫ్రాంకుల రాజ్యం రెండు ముక్కలుగానే ఉండిపోయేదా? ఫ్రాన్స్, జర్మనీ ఇదే ఆకారంలో పుట్టేవా? నేను చాలా ఏళ్లుగా ఫ్రాంకుల్ని మొదట ఏలిన మెరోవింజియన్ వంశం, వాళ్ల తర్వాత వచ్చిన చార్లెస్ వాళ్ల కరోలింజియన్ వంశం, ఈ రెండింటి వారసత్వ గొడవలే చదువుతున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. కార్లోమాన్ బతికి ఉంటే అన్నదమ్ముల మధ్య యుద్ధం వచ్చే అవకాశమే ఎక్కువ. ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. 775 ప్రాంతంలో కాథ్‌వుల్ఫ్ అనే మతాధికారి చార్లెస్‌కు రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. అందులో దేవుడు నీకు చేసిన మేళ్లు ఇవీ అని వరసగా చెబుతూ, రక్తం చిందకుండా తమ్ముడి రాజ్యం కూడా నీ చేతికి వచ్చేలా చేశాడని దాన్నీ ఒక మేలుగా లెక్కేశాడు. తమ్ముడి చావు అన్నకు వరం అని రాజుకే రాసి పంపే ధైర్యం ఒక మనిషికి వచ్చిందంటే, రక్తపాతం తప్పదని అప్పటికి చాలామంది అనుకుంటూ ఉండాలి.

కానీ ఒక కుర్రాడికి జబ్బు చేసిందా లేదా అన్నదాని మీద కథంతా నడిపిస్తే ఆ కాలం గురించి మనకు పెద్దగా ఏమీ తెలియదు. నన్నడిగితే అసలు మలుపు ఆ చావు తర్వాత కొద్ది రోజుల్లో వచ్చింది. కార్లోమాన్ డిసెంబర్ 4న సమూసీ అనే రాజనివాసంలో చనిపోయాడు, లాన్ పట్టణానికి దగ్గర్లో. అతనికి ఇద్దరు మగపిల్లలు. వాళ్లలో పెపిన్ 770లో పుట్టాడు, అంటే అప్పటికి ఏడాది, ఏడాదిన్నర పిల్లాడు. అన్న చార్లెస్ వెంటనే బయల్దేరి కోర్బెనీ దాకా వచ్చాడు, సమూసీ నుంచి ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడికి కార్లోమాన్ మనుషులు కొందరు వెళ్లి చార్లెస్‌ను తమ రాజుగా ఒప్పుకున్నారు. సాన్స్ ఆర్చిబిషప్ విల్కార్, సెయింట్ డెనిస్ మఠాధిపతి ఫుల్రాద్, కౌంట్ వారిన్, కౌంట్ అడాల్‌హార్డ్, ఇలా ఒక్కొక్కరి పేరు రాసి పెట్టారు రాజాస్థానపు వార్షిక వృత్తాంతాల్లో. పిల్లల తల్లి గెర్బెర్గా ఇద్దర్నీ తీసుకుని కొద్దిమంది మనుషులతో ఆల్ప్స్ దాటి ఇటలీకి, లొంబార్డు రాజు డెసిడేరియస్ దగ్గరికి పారిపోయింది.

అందుకే ప్రశ్నను కొంచెం పక్కకు జరిపి ఇలా అడగమంటాను: ఆ నలుగురూ కోర్బెనీ వెళ్లకుండా, సమూసీలోనే ఉండి, ఆ పసివాడు పెపిన్‌కు పట్టం కట్టి ఉంటే?

ఇది అసంభవం అనిపిస్తే ఒక్కసారి అంతకు ముందు రెండున్నర వందల ఏళ్లు చూడండి. ఫ్రాంకుల రాజ్యం పెద్ద కొడుక్కే దక్కాలన్న నియమం ఏదీ లేదు. తండ్రి పోతే కొడుకులందరికీ వాటా ఉంటుంది, మన ఇళ్లలో పొలం పంచుకున్నట్టే. చిక్కల్లా వాటాదారుల్లో ఒకడు పసిపిల్లలను వదిలి చనిపోయినప్పుడు వస్తుంది. అప్పుడు ఆ వాటా అతని పిల్లలదా, బతికున్న అన్నదమ్ములదా? దీనికి రాతపూర్వకంగా జవాబు ఎక్కడా లేదు. ప్రతిసారీ దాయాదుల బలం, ఆ రాజ్యపు పెద్దల ఇష్టం చూసి తేలేది.

524లో ఫ్రాంకుల రాజు క్లోవిస్ కొడుకు క్లోడోమర్ బర్గండీ వాళ్లతో వెజెరాన్స్ దగ్గర యుద్ధంలో చచ్చిపోయాడు. ముగ్గురు చిన్న పిల్లలు. నానమ్మ క్లోటిల్డా పారిస్‌లో వాళ్లను పెంచుతోంది. బాబాయిలు చిల్డెబర్ట్, క్లోథార్ పిల్లలకు పట్టం కడతాం పంపించమని పిల్లల్ని తెప్పించుకుని, తర్వాత ఆవిడ దగ్గరికి ఒక కత్తెర, ఒక ఒర తీసిన కత్తి పంపారు. అంటే జుట్టు కత్తిరించి బతకనివ్వమంటావా, చంపమంటావా అని. మెరోవింజియన్ రాజవంశంలో పొడవాటి జుట్టే రాజు గుర్తు, కత్తిరిస్తే ఇక రాజు కాలేడు. ఆవిడ దుఃఖంలో, రాజులు కాకపోతే జుట్టు పోయి బతకడం కన్నా చచ్చిపోవడమే నయం అనేసింది. పదేళ్ల పిల్లాణ్ని, ఏడేళ్ల పిల్లాణ్ని క్లోథార్ తన చేత్తో పొడిచి చంపాడు. మూడోవాడు క్లోడోవాల్డ్ తప్పించుకుని, తన జుట్టు తానే కత్తిరించుకుని మతంలో చేరిపోయాడు. పారిస్ పక్కన సెయింట్ క్లూ అనే ఊరు అతని పేరు మీదే ఉంది. టూర్ బిషప్ గ్రెగరీ రాసిన ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

అక్కడికి పదేళ్లకే, 534 ప్రాంతంలో, ఇవే చేతులు ఇంకో అన్న కొడుకు మీదికి వెళ్లాయి. థియుడెరిక్ పోగానే అతని కొడుకు థియుడెబర్ట్ రాజ్యం లాక్కోవాలని ఇదే చిల్డెబర్ట్, ఇదే క్లోథార్ చూశారు. సాగలేదు. థియుడెబర్ట్ పెద్దవాడు, యుద్ధాలు చేసినవాడు, పైగా తన మనుషులకు కానుకలిచ్చి తన వైపు నిలబెట్టుకున్నాడు.

సరే, పెద్దవాడు కాబట్టి నిలబడ్డాడు అనుకుందాం. మరి 575? ఆ క్లోథార్ కొడుకు సిగెబర్ట్ రాజును విత్రీ దగ్గర అతని తమ్ముడు చిల్పెరిక్ భార్య ఫ్రెడెగుండ్ పంపిన మనుషులు పొడిచి చంపారు. రాణి బ్రూన్‌హిల్డ్, పిల్లలు పారిస్‌లో ఉన్నారు, అంటే శత్రువు నోటి దగ్గర ఉన్నట్టే లెక్క. గుండోవాల్డ్ అనే డ్యూక్ సిగెబర్ట్ కొడుకు చిల్డెబర్ట్‌ను (ముందు చెప్పిన చిల్డెబర్ట్ కాదు) రహస్యంగా పారిస్ దాటించి సిగెబర్ట్ రాజ్యమైన ఆస్ట్రేషియాకు తీసుకుపోయి, పెద్దల్ని కూడగట్టి, క్రిస్మస్ రోజున రాజును చేశాడు. పిల్లాడికి అప్పటికి ఐదేళ్లు. ఇరవై ఏళ్లు రాజుగా ఉన్నాడు. 584లో షెల్ దగ్గర చిల్పెరిక్ హత్య జరిగినప్పుడు తాత పేరే ఉన్న అతని కొడుకు క్లోథార్ వయసు నాలుగు నెలలు. నాలుగు నెలలు! ఆ పిల్లాడు నిలబడ్డమే కాదు, 613లో ఫ్రాంకుల రాజ్యం మొత్తానికి ఒక్కడే రాజయ్యాడు.

కాబట్టి పసివాడు రాజు కాలేడు అన్నది తప్పు. ఆ చంటిపిల్లాడు బతికి బట్టకట్టడానికి ముఖ్య కారణం పెదనాన్న గుంట్రామ్. ఆయన బర్గండీ రాజు, ఆయన కొడుకులందరూ అప్పటికే చనిపోయారు. తన తర్వాత ఎవరూ లేరు కాబట్టి తమ్ముళ్ల పిల్లల్ని కాపాడుకోవడం ఆయనకు అవసరం. ముగ్గురు బిషప్పులు, మూడు వందలమంది పెద్దల చేత ఈ పిల్లాడు చిల్పెరిక్‌కే పుట్టాడని ప్రమాణం చేయించుకుని మరీ ఒప్పుకున్నాడు. చిల్డెబర్ట్‌తో అయితే 587లో ఆండెలో దగ్గర ఒప్పందం రాసుకుని తన రాజ్యమే రాసిచ్చాడు. నేను గమనించినంతలో ఈ వంశాల్లో లెక్క ఇలా నడుస్తుంది: సొంత కొడుకులు లేని పెదనాన్న పిల్లల్ని కాపాడతాడు, సొంత కొడుకులున్న పెదనాన్న, బాబాయి వాళ్లను తన కొడుకుల వాటాకు అడ్డంగా చూస్తాడు.

771లో చార్లెస్‌కు అప్పటికే హిమిల్‌ట్రూడ్ వల్ల ఒక కొడుకున్నాడు, వాడి పేరు కూడా పెపినే. ఇద్దరన్నదమ్ములూ తాత పేరే పెట్టుకున్నారంటేనే తెలుస్తోంది కదా, తండ్రి వారసత్వం మొత్తం తనదేనని ఎవరికి వారు చెప్పుకుంటున్నారని. పైగా చార్లెస్‌కు ఆ రోజుల్లోనే హిల్డెగార్డ్‌తో కొత్త పెళ్లి. ఇంకా పిల్లలు పుడతారు. గెర్బెర్గా ఎందుకు పారిపోయిందో అర్థం కావడానికి ఇంతకన్నా ఏం కావాలి? షార్లమేన్ జీవితం రాసిన ఐన్‌హార్డ్ మాత్రం ఆవిడ కారణమేమీ లేకుండా, బావ చార్లెస్ ఉండగా కాదని లొంబార్డుల పంచన చేరిందన్నట్టు రాశాడు. దీన్ని నేను ఒప్పుకోను. కారణం ఆ ఇంట్లోనే ఉంది. చార్లెస్, కార్లోమాన్‌ల తండ్రి పెపిన్‌కు కూడా కార్లోమాన్ అనే అన్న ఉండేవాడు. ఇద్దరూ మేయర్ హోదాలో, అంటే పేరుకు ఒక మెరోవింజియన్ రాజును ఉంచి అధికారం తామే చేస్తూ, రాజ్యం నడిపేవారు. 747లో ఆ పెద్ద కార్లోమాన్ కొడుకు డ్రోగోను తన స్థానంలో పెట్టి, తమ్ముణ్ని నమ్మి, ఇటలీ వెళ్లి సన్యాసం తీసుకున్నాడు. ఏమైంది? కొన్నేళ్లలో డ్రోగో పక్కకు పోయాడు, 751లో పెపిన్ తానే రాజయ్యాడు, 754కల్లా ఆ అన్న పిల్లలకు జుట్టు కత్తిరించి మఠంలో పెట్టేశారు. ఈ కథ గెర్బెర్గాకు తెలియకుండా ఉంటుందా? పదిహేడేళ్ల కిందటి సంగతి, తన మామగారు చేసిన పని.

ఇప్పుడు మన ప్రత్యామ్నాయ చరిత్రకు వద్దాం. దీనికి పటం ముఖ్యం. 768 సెప్టెంబర్ 24న తండ్రి పెపిన్ చనిపోయే ముందు చేసిన పంపకం చూస్తే, చార్లెస్ వాటా కొడవలిలా ఉంటుంది. అట్లాంటిక్ తీరంలోని అక్విటేన్ నుంచి ఉత్తర సముద్రం వెంట ఫ్రీసియా దాకా పోయి, అక్కణ్నుంచి తూర్పున థురింజియా వైపు తిరుగుతుంది. కార్లోమాన్ వాటా ఆ కొడవలి లోపల ఇమిడి ఉంటుంది: సొయిసాన్ ప్రాంతం, బర్గండీ, ప్రొవాన్స్, సెప్టిమేనియా, అల్సాస్, అలమానియా. అక్టోబర్ 9న ఒకే రోజున ఒకడికి నొయాన్‌లో, ఇంకొకడికి సొయిసాన్‌లో పట్టాభిషేకం. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం ఒక్క రోజు గుర్రపు ప్రయాణం కూడా కాదు. ఏడాది తిరక్కుండానే గొడవ మొదలైంది. 769లో అక్విటేన్‌లో తిరుగుబాటు వస్తే తమ్ముడు వచ్చి కలిసి, సాయం చెయ్యకుండానే వెనక్కి వెళ్లిపోయాడు.

మామూలుగా పుస్తకాల్లో కొడవలి వాటా పెద్దది కాబట్టి చార్లెస్‌దే పైచేయి అంటారు. విస్తీర్ణం చూస్తే సరే. కానీ దారులు చూడండి. ఇటలీకి పోవాలంటే ఆల్ప్స్ కనుమలు దాటాలి, పశ్చిమాన ఆ కనుమలకు పోయే దారులన్నీ బర్గండీ, ప్రొవాన్స్ మీదుగానే, మధ్యలో ఉన్నవి అలమానియా మీదుగా. అంటే తమ్ముడి వాటాలో. 773లో చార్లెస్ లొంబార్డుల మీద దండెత్తినప్పుడు సైన్యాన్ని జెనీవాలో సమకూర్చి రెండుగా చీల్చి, ఒక భాగాన్ని మాంట్ సెనీ కనుమ నుంచి తానే నడిపాడు, రెండో భాగాన్ని బాబాయి బెర్నార్డ్‌కు ఇచ్చి ఇంకో కనుమ నుంచి పంపాడు. జెనీవా బర్గండీలో ఉంది. కోర్బెనీలో ఆ నలుగురు తలవంచకపోయి ఉంటే చార్లెస్ జెనీవాలో సైన్యం నిలబెట్టగలిగేవాడే కాదు.

దీని మీద ఎంత ఆధారపడి ఉందో ఒక్కొక్కటే పేర్చి చూద్దాం. ఇక్కణ్నుంచి నేను చెప్పేది ఊహ, అయితే వీలైనంత దగ్గరి ఊహ.

772 మొదట్లో సొయిసాన్‌లో ఏడాదిన్నర పెపిన్‌కు అభిషేకం అయిందనుకోండి. రాజ్యం నడిపేది తల్లి గెర్బెర్గా, ఫుల్రాద్, వారిన్ లాంటి నలుగురైదుగురు పెద్దలు. వీళ్లకు వెంటనే ఒక అండ కావాలి. ఎవరున్నారు? డెసిడేరియస్. ఆయన కూతుర్ని 770లో చార్లెస్ తల్లి బెర్త్రాడా స్వయంగా ఇటలీ వెళ్లి కోడలిగా తెచ్చుకుంది. ఏడాది తిరిగీ తిరక్కుండా చార్లెస్ ఆ పిల్లను పుట్టింటికి పంపేశాడు. కూతురికి జరిగిన అవమానంతో రగిలిపోతున్న తండ్రి, చార్లెస్ అంటే భయపడుతున్న తల్లి, వీళ్లిద్దరూ కలవడం నిజ చరిత్రలోనూ జరిగింది. తేడా ఏమిటంటే నిజంలో ఆవిడ కట్టుబట్టలతో వచ్చిన శరణార్థి, మన కథలో ఆవిడ చేతిలో కనుమల తాళంచెవులున్నాయి.

రెండో అండ బవేరియా. అక్కడి డ్యూక్ తాసిలో చార్లెస్‌కు మేనత్త కొడుకు, డెసిడేరియస్‌కు అల్లుడు. బవేరియాకు పడమటి పక్క అలమానియా. ఇటలీ, బవేరియా, పసివాడి రాజ్యం, ఈ మూడూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఒకే గుంపు అయిపోతుంది. నిజ చరిత్రలో తాసిలో ఒంటరిగా మిగిలి 788లో ఇంగెల్‌హైమ్‌లో విచారణ ఎదుర్కొని మఠానికి పోవాల్సి వచ్చింది. ఈ కథలో అతను అంత తేలిగ్గా ఒంటరి అయ్యేవాడు కాదు.

ఇక పోప్. 772 ఫిబ్రవరిలో ఏడ్రియన్ పోప్ అయ్యాడు. డెసిడేరియస్ ఆయన్ను పీడించిన విషయమే ఇది: కార్లోమాన్ పిల్లలకు నీ చేత్తో అభిషేకం చెయ్యి అని. ఎందుకంత పట్టుదల అంటే, 754లో సెయింట్ డెనిస్‌లో పోప్ స్టీఫెన్ వచ్చి పెపిన్‌కు, అతని ఇద్దరు చిన్న కొడుకులు చార్లెస్, కార్లోమాన్‌లకు అభిషేకం చేశాడు. పోప్ తైలం తగిలినవాడే అసలు రాజు అన్న మాట ఈ వంశం పైకి వచ్చిందే ఆ పద్ధతిలో. ఆ తైలం మనవళ్లకు కూడా తగిలితే చార్లెస్ మాట చెల్లదు. నిజంలో ఏడ్రియన్ ససేమిరా అన్నాడు, ఎందుకంటే ఆల్ప్స్ అవతల సాయానికి రాగల రాజు ఒకడే మిగిలాడు, వాణ్ని దూరం చేసుకోలేడు. మన కథలో ఆల్ప్స్ దాటగల రాజ్యం పసివాడిది. చార్లెస్ ఎంత బలవంతుడైనా రోమ్ దాకా రాలేడు. అప్పుడు ఏడ్రియన్ ఏం చేసేవాడు? నేననుకోవడం, బేరం ఆడేవాడు. డెసిడేరియస్ లాక్కున్న ఊళ్లు తిరిగి ఇస్తే అభిషేకం చేస్తాను అనేవాడు. డెసిడేరియస్ ఇచ్చినట్టే ఇచ్చి సగం ఉంచుకునేవాడు, లొంబార్డు రాజుల అలవాటే అది.

అంటే 774లో లొంబార్డుల రాజధాని పావియా పడిపోదు. నిజంలో 773 శరత్కాలం నుంచి 774 జూన్ దాకా ముట్టడి సాగాక పావియా లొంగి, చార్లెస్ లొంబార్డుల రాజు బిరుదు కూడా పెట్టుకున్నాడు. ఆ ముట్టడి మధ్యలోనే కొంత సైన్యంతో వెరోనా వెళితే గెర్బెర్గా, పిల్లలు, వాళ్లతో వచ్చిన ఔట్‌చార్ అనే ఫ్రాంకు పెద్ద లొంగిపోయారు. ఆ తర్వాత ఆ తల్లీపిల్లల ప్రస్తావన ఏ రాతలోనూ లేదు.

పావియా పడకపోతే 800 క్రిస్మస్ నాటి రోమ్ కిరీటం కూడా మనకు తెలిసిన రూపంలో లేదు. ఇటలీలో చేతులు పెట్టని ఫ్రాంకు రాజుకు పోప్ చక్రవర్తి కిరీటం పెట్టాల్సిన అవసరం ఏముంటుంది?

మరి చార్లెస్? అతను ఖాళీగా కూర్చునే రకం కాదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, కార్లోమాన్ వంశం నిలబడితే చార్లెస్ చిన్నరాజుగా మిగిలిపోతాడని. శాక్సన్ల మీదికి పోయే దారులన్నీ అతని కొడవలి వాటాలోనే ఉన్నాయి. 772లో ఎరెస్‌బుర్గ్ పట్టుకుని ఇర్మిన్సుల్ అనే వాళ్ల పవిత్ర స్తంభాన్ని కూలగొట్టిన దండయాత్ర తమ్ముడి రాజ్యం లేకపోయినా జరిగేదే. నిజంలో శాక్సన్ యుద్ధం 804 దాకా సాగింది, అందుకు ఒక కారణం చార్లెస్ మధ్య మధ్యలో ఇటలీకి, స్పెయిన్ వైపుకు పరిగెత్తాల్సి రావడం. అతను ఆల్ప్స్ దాటిన 773-74లోనే శాక్సన్లు తిరగబడి సరిహద్దు మీద పడ్డారు. ఇటలీ గొడవ లేని చార్లెస్ శాక్సనీని పదేళ్లు ముందే అణిచి ఉండొచ్చు. కాకపోతే లొంబార్డుల ఖజానా దొరకదు, కాబట్టి మనుషులకు పంచి పెట్టడానికి కానుకలు తక్కువ. ఉత్తరానికి తిరిగిన, సముద్రం వైపు చూసే ఒక గట్టి రాజ్యం అతనిది అయ్యేది.

ఫ్రాన్స్, జర్మనీ సంగతి అడిగారు కదా. 768 నాటి గీతకూ 843లో వెర్డున్ దగ్గర షార్లమేన్ మనవళ్లు ముగ్గురు గీసుకున్న గీతలకూ ఏ పోలికా లేదు. వెర్డున్‌లో రాజ్యాన్ని నిలువుగా కోశారు, పడమర, నడుమ, తూర్పు అని. ఆ పడమటి ముక్క నుంచి ఫ్రాన్స్, తూర్పు ముక్క నుంచి జర్మనీ మెల్లగా ఊపిరి పోసుకున్నాయి. 768లో మాత్రం లోపల, బయట అని కోశారు. చార్లెస్ వాటాలో అక్విటేన్ వాళ్లు లాటిన్‌లోంచి వచ్చిన భాష మాట్లాడతారు, థురింజియా, ఫ్రీసియా వాళ్లు జర్మానిక్ భాషలు. కార్లోమాన్ వాటాలోనూ అంతే, ప్రొవాన్స్ ఒక భాష, అలమానియా ఇంకో భాష. పంచినవాడికి భాష అడ్డమే కాలేదు. లోపలి రాజ్యం, బయటి రాజ్యం రెండు మూడు తరాలు నిలిచి ఉంటే యూరప్‌లో భాషను బట్టి దేశం అన్న ఆలోచన ఎక్కడ పుట్టేదో, అసలు పుట్టేదో లేదో. రైన్ నది సరిహద్దు అన్న మాటే ఎవరికీ తట్టకపోవచ్చు.

ఇంత చెప్పాక నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ పసివాడు నిలబడే అవకాశం పదింట మూడు పాళ్లకు మించి ఉందని నేననుకోను. మొదటి కారణం, 575లో చిల్డెబర్ట్‌ను నిలబెట్టిన ఆస్ట్రేషియా పెద్దలకు అది మా రాజ్యం, మా రాజు అన్న పట్టింపు ఉంది. కొన్ని తరాలుగా మెట్జ్, రెయిమ్స్ చుట్టూ తమకొక రాజు ఉండడం వాళ్లకు అలవాటు. కార్లోమాన్ రాజ్యం వయసు మూడేళ్లు. చావుబతుకుల్లో ఉన్న తండ్రి గీసిన గీత అది. ఫుల్రాద్ లాంటివాడికి భూములు, మఠాలు రెండు వైపులా ఉన్నాయి, గీత శాశ్వతమైతే ఆయనకే నష్టం. వారిన్ అలమానియాలో అధికారం చేసినవాడు. చార్లెస్ కొత్త భార్య హిల్డెగార్డ్ తల్లి వైపు నుంచి అలమానియా డ్యూకుల వంశం. అంటే తమ్ముడు బతికుండగానో, పోయిన కొద్ది నెలలకో, అన్న తమ్ముడి పెద్దల ఇళ్లలో చుట్టరికం కలుపుకున్నాడు. పెళ్లిపీటల మీద ఎన్ని రాజ్యాలు చేతులు మారాయో ఈ వంశంలో లెక్కపెట్టలేం.

రెండో కారణం, నాకు ముఖ్యమైనది, గుండోవాల్డ్ లాంటి మనిషి లేకపోవడం. పిల్లాణ్ని చంకనేసుకుని ముందుకొచ్చేవాడు ఒకడు కావాలి, అలాంటివాడు ఒకడుంటే మిగతావాళ్లు వెనక చేరతారు. ఔట్‌చార్‌కు ఆ తెగువ ఉంది, పిల్లలతో వెరోనా దాకా వెళ్లాడు. కానీ అతను పిల్లల్ని దేశం దాటించాడు, గుండోవాల్డ్ దేశంలోపలికి తెచ్చాడు. దేశం దాటిన రాజు వెనక నిలబడమంటే ఏ కౌంట్ నిలబడతాడు? గెర్బెర్గా దక్షిణానికి కాకుండా బర్గండీలోనో అలమానియాలోనో ఒక గట్టి కోట చూసుకుని ఆ చలికాలం గడిపి ఉంటే లెక్క మారేదని నా నమ్మకం. ఆల్ప్స్ దాటిన ధైర్యం ఉన్న మనిషికి ఆ కోటలో కూర్చునే ధైర్యం లేక కాదు, తోడు నిలబడే మనుషులు లేక వెళ్లింది.

బెర్త్రాడా గురించి ఎవరూ అడగరు, నాకు మాత్రం ఆవిడే ఎక్కువగా గుర్తొస్తుంది. 770లో కొడుకులిద్దరి మధ్య రాజీ కోసం అల్సాస్‌లో చిన్న కొడుకును కలిసి, బవేరియా వెళ్లి, అక్కణ్నుంచి ఇటలీ వెళ్లి సంబంధం కుదుర్చుకొచ్చింది. ఏడాదిలో పెద్ద కొడుకు ఆ సంబంధం తెంచాడు, చిన్న కొడుకు చచ్చిపోయాడు, కోడలు మనవళ్లతో పారిపోయింది. తల్లీకొడుకుల మధ్య ఎప్పుడైనా మాట పట్టింపు వచ్చిందంటే ఆ విడాకుల విషయంలోనే అని ఐన్‌హార్డ్ రాశాడు. 783 దాకా బతికింది. ఆవిడ కోర్బెనీలో అడ్డంగా నిలబడి నా మనవడి వాటా నా మనవడిదే అని ఉంటే? క్లోటిల్డా చేతకాక పోగొట్టుకున్నది ఈవిడ నిలబెట్టి ఉండేదేమో. రాజ్యం మొత్తం తిరిగి మాట చెల్లించుకున్న మనిషి కాబట్టి ఈ ఊహ నాకు మరీ గాలిలో కట్టింది అనిపించదు.

ఇప్పుడు నన్ను ఈ విషయం మీద ఇన్నేళ్లు కూర్చోబెట్టిన సంగతి చెప్పాలి. 806 ఫిబ్రవరిలో థియాన్‌విల్‌లో షార్లమేన్ తన ముగ్గురు కొడుకులు చార్లెస్, పెపిన్ (హిమిల్‌ట్రూడ్ కొడుకు కాదు, హిల్డెగార్డ్ కొడుకు), లూయీలకు రాజ్యం పంచుతూ ఒక పత్రం రాయించాడు. అందులో, అన్నదమ్ముల్లో ఎవరికైనా కొడుకు ఉండి, తండ్రి తర్వాత వాడే రాజు కావాలని ఆ రాజ్యపు ప్రజలు కోరుకుంటే, పెదనాన్న, బాబాయిలు ఒప్పుకుని తండ్రి వాటాలో వాణ్ని ఏలనివ్వాలి అని ఉంది. ఇంకోచోట, నా మనవళ్లలో ఎవరి మీదైనా నేరం మోపితే సరైన విచారణ లేకుండా చంపకూడదు, అవయవాలు తియ్యకూడదు, కళ్లు పీకించకూడదు, ఇష్టం లేకుండా జుట్టు కత్తిరించకూడదు అని ఉంది. ఇటలీలో ఉన్న తమ్ముడికి సాయం కావాలంటే ఎవరు ఏ కనుమ నుంచి వెళ్లాలో కూడా రాశాడు, పెద్దవాడు ఔస్టా లోయ నుంచి, లూయీ సూసా లోయ నుంచి అని. కనుమలన్నీ ఒక్కడి చేతిలో ఉంటే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. ముప్పై అయిదేళ్ల కిందట కోర్బెనీలో ఈ పత్రం ఎవరైనా చదివి, ఆ రాజ్యం వాళ్లు పసివాణ్నే కోరుకుని ఉంటే చార్లెస్‌కు తమ్ముడి వాటాలో అడుగు పెట్టే హక్కు ఉండేది కాదు. ఆ రోజు తను చేసిందేమిటో మనసులో పెట్టుకునే రాయించాడని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే అన్ని శిక్షల పేర్లూ అంత విడివిడిగా ఊరికే ఎవరూ రాయించరు.

ఆ పత్రం అమలు కాలేదు. 810లో పెపిన్ పోయాడు, 811 డిసెంబర్ 4న, అంటే కార్లోమాన్ పోయిన తేదీకి సరిగ్గా నలభై ఏళ్లకు, పెద్ద కొడుకు చార్లెస్ పోయాడు. లూయీ ఒక్కడే మిగిలాడు. ముసలి షార్లమేన్ మాత్రం తన మాట తను నిలబెట్టుకున్నాడు, చనిపోయిన పెపిన్ కొడుకు బెర్నార్డ్‌ను ఇటలీకి రాజును చేశాడు. కానీ 814లో ముసలాయన పోయాక, 817లో లూయీ తన కొడుకులకు పంపకం చేస్తూ బెర్నార్డ్ పేరే ఎత్తకుండా ఇటలీని తన పెద్ద కొడుకు లోథార్ కిందికి తెచ్చాడు. ముందు చెప్పిన లెక్కే, సొంత కొడుకులున్న బాబాయి. బెర్నార్డ్ తిరగబడ్డాడు, నిలబడలేక షాలోన్‌లో లొంగిపోయాడు. 818 ఏప్రిల్‌లో, విచారణ జరిపి మరణశిక్ష వేసి, దయతలచి తగ్గించాం అంటూ కళ్లు పీకించారు. రెండు రోజులు బతికాడు.

771 చివర్లో, తమ్ముడి రాజ్యం చేతికొచ్చాక, చార్లెస్ ఆ ఏడాది క్రిస్మస్ అట్టిన్యీ అనే రాజనివాసంలో చేసుకున్నాడు. 822లో అతని కొడుకు లూయీ, అన్న కొడుకును చంపుకున్న పాపానికి బిషప్పులు, పెద్దలు అందరూ చూస్తుండగా బహిరంగంగా ప్రాయశ్చిత్తం చేసుకున్నది కూడా ఆ అట్టిన్యీలోనే.